అప్‌డేట్: వీ-క్రాస్‌కు లిఫ్ట్, పెద్ద టైర్లు - చివరికి ఏం చేయించానంటే

ఉదయగిరి దగ్గర నిమ్మతోటకు వెళ్లే రాళ్లబాటలో నా ఇసుజు వీ-క్రాస్ పికప్ అడుగుభాగం రాళ్లకు తగులుతోందని, నాలుగు అంగుళాల లిఫ్ట్ (బండిని ఎత్తు లేపే కిట్) వేయించి 285 మి.మీ. వెడల్పు టైర్లు ఎక్కించాలా అని మునుపు ఇక్కడ అడిగాను. అంత అవసరం పడలేదు. అందరికీ కృతజ్ఞతలు, ముఖ్యంగా "ముందు బస్తాలు వేసి, అప్పుడు ఎత్తు కొలవండి" అన్న ఆయనకు.

నెల్లూరులో మెకానిక్ అదే చేశాడు. లోడు పడగానే వెనక కమాన్ పట్టీలు పూర్తిగా చదునైపోతున్నాయి. సగం రోగం అక్కడే ఉంది. పట్టీలు మార్చి, ముందు స్ప్రింగులు, షాకబ్జార్బర్లతో కలిపి రెండు అంగుళాల కిట్ వేశారు. అంతకు మించి లేపితే సీవీ జాయింట్ల (ముందు చక్రాలకు ఇంజిన్ శక్తి అందించే కీళ్లు) కోణం పెరిగి అవి త్వరగా అరుగుతాయి, ముందు చక్రాలను పట్టి ఉంచే పై కంట్రోల్ ఆర్మ్‌లూ మార్చాలి.

టైర్లు 265/70 ఆర్17, ఆల్-టెరైన్ (రోడ్డుకూ మట్టిబాటకూ పనికొచ్చేవి). పాత 255/65 కంటే వ్యాసం సుమారు 40 మి.మీ. ఎక్కువ. అందులో సగమే నేలకూ వెనక డిఫరెన్షియల్‌కూ (వెనక ఇరుసు మధ్య గేర్లుండే గుండ్రటి డబ్బా) మధ్య ఎత్తుకు కలుస్తుంది. లిఫ్ట్ బాడీని లేపుతుంది గానీ ఆ డిఫరెన్షియల్‌ను లేపదు, టైరే లేపాలి. కిట్లు అమ్మేవాళ్లు ఈ మాట మాత్రం చెప్పరు!

స్టీరింగ్ పూర్తిగా తిప్పితే టైరు లోపలి ప్లాస్టిక్ లైనర్‌కు రాసుకుంది, కొంచెం కోశారు. స్పీడోమీటర్ మునుపటికంటే ఐదు శాతం తక్కువ చూపుతోంది. బండి లేచింది కాబట్టి, చక్రాల అలైన్‌మెంట్‌తో పాటు హెడ్‌లైట్ల వెలుగూ కిందికి దించి సరిచేయించండి.

మార్పుల గురించి బీమా కంపెనీకి రాతపూర్వకంగా తెలియజేశాను, జవాబు రావాలి.