పాత కారు కింద ఆయిల్ మరకలు, నిజంగా క్రాంక్ సీలే పోయిందా?

పాతబండి_వదలను:
అందరికీ నమస్తే. మా నాన్నగారు నడిపిన పెట్రోల్ కారు, మాన్యువల్ గేర్లు, 15 ఏళ్లు దాటింది, 1,40,000 కిలోమీటర్లు తిరిగింది, ఇప్పుడు నా దగ్గరుంది. రెండు నెలల్నుంచి రాత్రి పెట్టి పొద్దున్నే తీస్తే కింద అరచేయంత నల్ల మరక ఉంటోంది, సిగ్నల్ దగ్గర ఆగితే కాలిన వాసన కూడా లోపలికొస్తోంది. మెకానిక్ కిందకి దూరి చూసి ఇంజన్, గేర్ బాక్స్ కలిసే చోట తడి ఉంది, క్రాంక్ వెనక సీల్ (ఇంజన్ తిప్పే షాఫ్ట్ చివర ఆయిల్ ఆపే రబ్బర్ రింగ్) పోయింది, గేర్ బాక్స్ దించాల్సిందే అన్నాడు. పెద్ద పని కదా, చేయించేముందు ఒకసారి అడుగుదామని. వెయ్యి కిలోమీటర్లకి ఆయిల్ చూసే గేజ్ కడ్డీ మీద పావు వంతు దాకా తగ్గుతోంది. లీకు ఆపే మందు బాటిల్స్ ఉంటాయంట, అది పోస్తే సరిపోద్దా? బండి అమ్మే ఉద్దేశం మాత్రం లేదు.

స్పానర్_శీను:
తమ్ముడూ గేర్ బాక్స్ జోలికి ఇప్పుడే వెళ్లకు. ఆయిల్ ఎక్కడ కారుతుందో అక్కడ కనపడదు, పైనుంచి జారి కిందకొచ్చి, బండి నడిచేటప్పుడు గాలికి వెనక్కి కొట్టుకుపోయి, చివరికి ఎక్కడ బొట్టు పడుతుందో అక్కడ మనకి కనపడుద్ది. టాపెట్ కవర్ (ఇంజన్ పైమూత) ప్యాకింగ్ వెనక మూల లీకైనా ఇంజన్ వీపు మీదుగా దిగి సరిగ్గా ఇంజన్, గేర్ బాక్స్ కలిసే బెల్ హౌసింగ్ జాయింట్ దగ్గరే చేరుద్ది, కింద నుంచి చూసినవాడికి క్రాంక్ సీల్ లీకులాగే ఉంటది. పైగా నీకు కాలిన వాసన వస్తోందన్నావు చూడు, అదే నాకు పట్టుకుంది. వెనక సీల్ పోతే ఆయిల్ కిందకే పోతుంది, వేడి మానిఫోల్డ్ (ఇంజన్ నుంచి పొగ బయటికెళ్లే గొట్టాలు) మీద పడి మాడే అవకాశం తక్కువ. వాసన వస్తోందంటే పైనెక్కడో ఉంది అని నా గట్టి అనుమానం.

ముందు ఇంజన్ చల్లారాక డీగ్రీజర్ (జిడ్డు వదిలించే మందు) కొట్టి బ్రష్‌తో రుద్ది శుభ్రంగా కడుగు, ఆల్టర్నేటర్‌కీ కనెక్టర్లకీ కవర్ కట్టు. ఆరాక అనుమానం ఉన్న చోట్ల మామూలు టాల్కమ్ పౌడర్ పల్చగా చల్లు, బెల్టుల మీద పడనీకు. ఓ ఇరవై కిలోమీటర్లు తిప్పొచ్చి టార్చ్ వేసి చూడు, తెల్ల పౌడర్‌లో తడి చార కనపడుద్ది, ఆ చారని పైకి పట్టుకుంటూ పో, అన్నిటికంటే పైనున్న తడి ఎక్కడో అదే మొదలు. ఆయిల్ ఫిల్టర్ రబ్బర్ రింగ్, ఆయిల్ ప్రెషర్ స్విచ్, డ్రెయిన్ నట్ వాషర్ కూడా చూడు. ఫిల్టర్ మార్చేటప్పుడు పాత రింగ్ ఇంజన్‌కే అంటుకుని ఉండిపోయి, దాని మీద కొత్తది బిగించేసిన కేసులు నేను చాలా చూశా. పౌడర్‌కీ దొరక్కపోతే ఆయిల్‌లో కలిపే యూవీ డై ఉంటుంది, యూవీ టార్చ్ వేస్తే లీకు మెరుస్తుంది.

నిజంగానే వెనక సీల్ అయితే ఆయిల్ క్లచ్ ప్లేట్‌కి తగిలి ఎత్తు ఎక్కేటప్పుడు ఆర్‌పీఎం పెరిగి బండి లాగకపోవచ్చు. అలాంటిది ఉందా?

నల్లచేతులు:
శీనన్న చెప్పింది కరెక్టే, ఒకటి కలుపుతా ఎందుకంటే దీనివల్ల నేను బాగా నష్టపోయా. నా బండికి క్రాంక్ సీల్ మార్పించా, ఆరు నెలలకి మళ్లీ కారింది, మళ్లీ మార్పించా, మళ్లీ అంతే. చివరికి తెలిసింది ఏంటంటే పీసీవీ వాల్వ్ మసి పట్టి మూసుకుపోయింది. పిస్టన్ రింగుల పక్కనుంచి కొంత గ్యాస్ ఎప్పుడూ కిందకి దిగుతుంది, దాన్ని ఇంటేక్‌లోకి (ఇంజన్‌లోకి గాలి వెళ్లే దారి) వదిలేది ఈ వాల్వే, అది మూసుకుంటే లోపల ప్రెషర్ పెరిగి ఎక్కడ సీల్ బలహీనంగా ఉందో అక్కడ్నుంచి ఆయిల్‌ని తోసేస్తుంది. కొత్త సీల్ కూడా ఆగదు అప్పుడు. వాల్వ్ తీసి ఊపితే లోపల టకటక చప్పుడు రావాలి (కొన్ని ఇంజన్లలో టాపెట్ కవర్‌లోనే కలిసి ఉంటుంది, విడిగా రాదు). ఇంకో పరీక్ష, ఇంజన్ ఐడిల్‌లో ఉండగా ఆయిల్ పోసే మూత తీసి ఆ కంత మీద పల్చటి కాగితం పెట్టు. మెల్లగా లోపలికి లాగితే మంచిది, బయటికి ఎగరేస్తే పీసీవీ మూసుకుందన్నా అనుకోవాలి, రింగులు అరిగాయన్నా అనుకోవాలి. మూత తీయగానే ఐడిల్ కొంచెం తడబడితే భయపడకు, చాలా బళ్లకి మామూలే.

మెల్లగా_పోదాం:
బాటిల్ మందు గురించి నా మాట. అది గట్టిపడిన రబ్బర్‌ని కాస్త ఉబ్బిస్తుంది అంతే, చిన్న చెమ్మ అయితే కొన్నాళ్లు ఆగొచ్చు, పగిలిన ప్యాకింగ్‌ని అతికించదు. అది పోసే బదులు ఎక్కువ తిరిగిన బళ్లకి అమ్మే హై మైలేజ్ ఆయిల్ వాడినా అలాంటి గుణమే కొంత ఉంటుంది. ఇంకోటి, పడేది ఇంజన్ ఆయిలేనా అని తెల్ల అట్ట పెట్టి చూసుకోండి, ఎర్రగా ఉంటే పవర్ స్టీరింగ్ ఆయిల్ కావచ్చు, ఆకుపచ్చగానో గులాబీగానో నీళ్లలా ఉంటే కూలెంట్. కిందకి దూరితే జాకీ ఒక్కదాని మీద నమ్మకం పెట్టుకోవద్దు, స్టాండ్లు పెట్టాకే తల పెట్టండి, దయచేసి.

పాతబండి_వదలను:
అందరికీ చాలా థ్యాంక్స్, చేశా. క్లచ్ ఎక్కడా జారట్లేదు శీనన్నా. కడిగి పౌడర్ చల్లి తిప్పి చూస్తే టాపెట్ కవర్ వెనక మూల కింద, మానిఫోల్డ్ వైపు, వేలు వెడల్పు తడి చార ఒకటి స్పష్టంగా దిగి ఉంది, వెనక సీల్ దగ్గర కొత్త తడేమీ లేదు. కవర్ విప్పితే ప్యాకింగ్ రబ్బర్‌లా లేదు, వంచితే ప్లాస్టిక్‌లా పుటుక్కున విరిగింది. పీసీవీ ఊపితే చప్పుడే లేదు, రెండూ మార్చేశా. ఇప్పటికి 600 కిలోమీటర్లు అయింది, అట్ట తెల్లగానే ఉంది, వాసన లేదు, గేజ్ కదల్లేదు. ఒకే డౌట్, ఒక స్పార్క్ ప్లగ్ గుంటలో కొంచెం ఆయిల్ ఉంది, అది దేనివల్ల?

స్పానర్_శీను:
భలే తమ్ముడూ, గేర్ బాక్స్ దించకుండా బయటపడ్డావు. ప్లగ్ గుంటలోకి వచ్చేది ట్యూబ్ సీల్స్ (ఆ గుంట చుట్టూ ఉండే రబ్బర్ రింగులు) నుంచి, అవి ప్యాకింగ్ సెట్‌తో పాటే వస్తాయి చాలా బళ్లకి, నువ్వు మార్చి ఉంటే అది పాత ఆయిలే. గుడ్డతో తుడిచి ప్లగ్ బూట్ (ప్లగ్ మీద తొడిగే రబ్బర్ తొడుగు) కూడా తుడువు, లేకపోతే మిస్‌ఫైర్ (ప్లగ్ సరిగా మండించక ఇంజన్ కుదపడం) మొదలవుద్ది. వారం తర్వాత మళ్లీ తీసి చూడు, తడి ఉంటే సీల్స్ మిగిలిపోయాయని. ఇంకోటి, బోల్టులు ఎంత బిగించావు? చాలా ఇంజన్లకి 10 న్యూటన్ మీటర్ల చుట్టుపక్కలే ఉంటుంది, నీ బండి మాన్యువల్‌లో చూసి సరిచూసుకో. గట్టిగా లాగితే ప్యాకింగ్ నలిగి మళ్లీ అదే మూల నుంచి కారుద్ది.