సరుకులో దమ్ముంటే చాలదా?

పానాపట్టకారు: టెక్నాలజీ గట్టిదైతే వ్యాపారం దానంతటదే నడుస్తుంది. ‘బిజినెస్ మోడల్’, అంటే డబ్బు ఎలా రాబట్టాలన్నది, తర్వాత అల్లుకునే కథ. కాదనేవాళ్లు ఒక్క ఉదాహరణ చూపించండి.

పద్దులపుస్తకం: జిరాక్స్ 914 కాపీ యంత్రం. పొడిగా కాపీ తీసే ఆ పద్ధతిని కనిపెట్టిన కార్ల్‌సన్ 1938లోనే తొలి ప్రతి తీశాడు. ఈ యంత్రం 1959లో గానీ రాలేదు. ఖరీదు చూస్తే కొనేవాడు జంకుతాడు. అందుకని నెలకు 95 డాలర్ల అద్దెకిచ్చారు. 2000 కాపీలు అందులోనే, ఆపైన కాపీకి కొన్ని సెంట్లు. కంపెనీని పెంచింది ఆ ‘ఆపైన’ డబ్బే.

పానాపట్టకారు: కాపీలు లెక్కపెట్టిందెవరు? లోపలి మీటరు. అది ఇంజనీర్లు పెట్టిందే.

పద్దులపుస్తకం: పెట్టమన్నదెవరు?

పానాపట్టకారు: అనడానికేం, ఎవరైనా అంటారు. మామూలు కాగితం మీద పొడిగా కాపీ రాకపోతే మీ మీటరు సున్నా దగ్గరే ఉండేది.

కిటికీపక్కసీటు: మీటరు వదలండి బాబూ. కొడాక్ 1975లోనే డిజిటల్ కెమెరా చేసి, 2012లో దివాలా పిటిషన్ వేసింది. దానికేమంటారు?

పద్దులపుస్తకం: లాభమంతా ఫిల్ములో ఉంటే, ఫిల్మే అక్కర్లేని కెమెరాను ఎవరు ముద్దుచేస్తారు?

పానాపట్టకారు: ఫోన్లలోకి కెమెరా వచ్చాక ఏ పద్దు మాత్రం నిలిచేది? అయినా మీటరు సంగతి తేలలేదు.

రెండోషిఫ్ట్: 1962లో బ్రిస్టల్ సిడ్లీ అనే బ్రిటిష్ ఇంజన్ల కంపెనీ విమాన ఇంజన్లకు ఎగిరిన గంటకింత అని తీసుకోవడం మొదలుపెట్టింది. ఇంజన్ ఆగితే నష్టం తయారీదారుకీ తగులుతుంది. మన్నిక పెంచక చస్తాడా?

పానాపట్టకారు: కథలు బాగున్నాయి. నాది వినండి. పంపు చెడిపోబోతోందని ముందే చెప్పే సెన్సర్ మీద మూడేళ్లు కూర్చున్నాం. చక్కగా పనిచేసింది. అమ్మకాలవాళ్లు దాన్ని పంపుతోపాటు ఉచితంగా ఇచ్చేశారు. ఏడాది తిరక్కుండా ‘మీ విభాగానికి ఆదాయం లేదు’ అని మా టీమ్‌నే ఎత్తేశారు.

పద్దులపుస్తకం: దమ్మున్న సరుకే కదా, దానంతటదే ఎందుకు నడవలేదు మరి?

పానాపట్టకారు: మీలాంటివాళ్లు ఇచ్చేశారు కాబట్టి!

పద్దులపుస్తకం: మాలాంటివాళ్లా? చివరి నెలలో పెట్టె తెచ్చి ‘అమ్మిపెట్టండి’ అనేది మీరు. మా కంపెనీలో వాడకానికి తగ్గ ధర పెడదామంటే, ‘డిజైన్ ఖాయమైపోయింది, ఇక ముట్టుకోం’ అన్నారు. ముందే పిలిస్తే ఏం పోయేది?

పానాపట్టకారు: పిలిచే అధికారం మాకెక్కడిది? ధర ఖాయమైందని మాకూ బయటి నుంచే తెలిసింది.

కిటికీపక్కసీటు: అంటే ఇద్దర్నీ ఎవరూ పిలవలేదు. ఇంతసేపూ మీటరు మీద కొట్టుకున్నారు.

పద్దులపుస్తకం: ఒక్కటి చెప్పండి. మీ సెన్సర్‌లో పంపు నడిచిన గంటలు నమోదయ్యేవా?

పానాపట్టకారు: అయ్యేవి, నిమిషాలతో సహా. ఎవరూ అడగలేదు.