లీడ్స్ యుద్ధ స్మారకంలో ఉన్న ఈ 'సేన్' ఎవరు?

పాలకొండ_నీడ (కడప):
మా అబ్బాయి ఇంగ్లండులోని లీడ్స్ విశ్వవిద్యాలయంలో చదువుతున్నాడు. అక్కడి మొదటి ప్రపంచ యుద్ధ స్మారకంలో ఇంగ్లీషు పేర్ల నడుమ సేన్ అనే పేరు కనబడిందని మొన్న రాత్రి వాట్సాప్‌లో ఫొటో పంపాడు. నేను హైస్కూలులో సాంఘిక శాస్త్రం చెప్పి రిటైరైనవాణ్ణి. ఆ యుద్ధానికి వెళ్లిన మన సిపాయిల్లో ఒకడై ఉంటాడని చెప్పాను. "సిపాయి పేరు యూనివర్సిటీలో ఎందుకుంటుంది నాన్నా?" అని వాడు అడిగితే నా దగ్గర జవాబు లేకపోయింది. తెలిసినవారు దయచేసి చెప్పండి.

బురుజు_పక్కన (కర్నూలు):
మాస్టారూ, మీ అబ్బాయి సందేహం సరైనదే. ఆయన భారత సైన్యపు సిపాయి కాదు. పేరు జోగేంద్రనాథ్ సేన్, ఊరు బెంగాల్లోని చందన్‌నగర్. మన యానాం లాగే అప్పట్లో అదీ ఫ్రెంచివారి పాలనలో ఉండేది. 1910లో లీడ్స్ వెళ్లి, 1913లో ఎలక్ట్రికల్ ఇంజనీరింగు పట్టా పుచ్చుకుని, ఆ నగరపాలక సంస్థ విద్యుత్ కేంద్రంలోనే ఉద్యోగంలో చేరాడు. 1914 సెప్టెంబరులో ఆ ఊరి యువకులు కలిసి 'లీడ్స్ పాల్స్' అనే పటాలంగా ఏర్పడినప్పుడు ఆయన కూడా వాళ్లతోపాటే పేరు రాయించుకున్నాడు. 1915 డిసెంబరులో ఈజిప్టుకు, మరుసటి మార్చిలో ఫ్రాన్సుకు వెళ్లారు. 1916 మే 22 రాత్రి, సోమ్ ప్రాంతంలో, శత్రువుల ఫిరంగుల దాడిలో ఆయన చనిపోయాడు. అప్పటికి వయసు ఇరవై ఎనిమిదేళ్లు.

నన్ను బాధపెట్టేది ఆ చావు ఒక్కటే కాదు. అంత చదువున్న మనిషి చివరిదాకా మామూలు సైనికుడిగానే ఉండిపోయాడు. ఆనాటి బ్రిటిష్ సైన్యంలో ఆఫీసరు కావాలంటే స్వచ్ఛమైన యూరోపియన్ సంతతివాడై ఉండాలన్న నిబంధన ఉండేది. పటాలంలోకెల్లా బాగా చదువుకున్నవాడు ఆయనేననీ, రంగు కారణంగానే మామూలు సైనికుడికి ఒక్క మెట్టు పైదైన లాన్స్ కార్పొరల్ కూడా కానివ్వలేదనీ ఒక తోటి సైనికుడు ముసలితనంలో గుర్తుచేసుకున్నాడు.

థర్మల్_మామ (ముద్దనూరు):
నేను ఇక్కడి థర్మల్ విద్యుత్ కేంద్రంలో ముప్పై ఏళ్లు పనిచేశాను కాబట్టి ఒక మాట చేర్చాలి. బ్రిటన్‌లో నిర్బంధ సైనిక సేవ చట్టం వచ్చింది 1916 జనవరిలో. సేన్ చేరింది అంతకు ఏడాదికి పైగా ముందు, అంటే ఎవరూ బలవంతం చేయనప్పుడు. కరెంటు కొత్తగా వస్తున్న ఆ రోజుల్లో జనరేటరు దగ్గర నిలబడగలిగిన ఇంజనీరుకు ఊళ్లోనే కావలసినంత పని ఉండేది. ఆయన అక్కడే ఉండిపోయినా ఎవరూ వేలెత్తి చూపేవారు కారు. నాలుగేళ్లలో ఆ ఊరివాళ్లను తనవాళ్లనుకున్నాడని నా నమ్మకం. ఆయన కళ్లద్దాలు రక్తపు మరకలతో చందన్‌నగర్ మ్యూజియంలో ఉన్నాయి. ఫ్రాన్సు యుద్ధరంగంలో రక్తమంటిన అద్దాలు సొంత ఊరు చేరాయన్న సంగతి తెలిసిననాడు నాకు చాలాసేపు మాట రాలేదు.

పాలకొండ_నీడ (కడప):
ఇద్దరికీ కృతజ్ఞతలు. ఆయనకు సమాధి ఉందా? మావాడు వెళ్లి చూడగలడా?

పెన్నా_గట్టు (అనంతపురం):
ఉంది సార్. ఫ్రాన్సులో ఆల్బేర్ పట్టణానికి ఉత్తరాన కొలాంకాం గ్రామం దగ్గర సుక్రెరీ సైనిక శ్మశానంలో ఉంది. నవ్‌షాపెల్ అనే చోట భారత సైనికుల స్మారకం ఒకటుంది కానీ, అందులో వెతకవద్దని చెప్పండి. అది జాడ తెలియకుండా పోయిన భారత సైన్యపు వాళ్లది, సేన్ బ్రిటిష్ పటాలం మనిషి. యుద్ధ సమాధుల కమిషన్ హోదా చూడకుండా అందరికీ ఒకే కొలత రాయి నిలబెట్టింది కాబట్టి, బతికుండగా దక్కని సమానత్వం ఆయనకు అక్కడ కనబడుతుంది. బ్రిటన్ విద్యార్థి వీసా మీద ఫ్రాన్సుకు వెళ్లనివ్వరు, ఫ్రాన్సుతో సహా పలు యూరప్ దేశాలకు చెల్లే షెంజెన్ వీసా విడిగా తీసుకోవాలి.

పాలకొండ_నీడ (కడప):
ఈ జవాబులన్నీ మావాడికి చదివి వినిపించాను. ఈస్టర్ సెలవుల్లో వెళతానన్నాడు. వీసాకు కావలసిన బ్యాంకు కాగితాలు రేపే పంపుతున్నాను. సమాధి దగ్గర ఒక దీపం పెట్టి రమ్మని వాళ్లమ్మ చెప్పింది.