పెన్‌డ్రైవ్ కాపీ చివరికొచ్చి ఆగిపోతోంది, ఆ తర్వాత రీడ్-ఓన్లీ అంటోంది (ఉబుంటు)

వేపచెట్టు: అక్క పెళ్లి వీడియోలు 32 జీబీ పెన్‌డ్రైవ్‌లో వేస్తున్నా. బార్ గబగబా చివరిదాకా పోయి అక్కడే కూర్చుంది. మా తమ్ముడు విసుగొచ్చి లాగేశాడు. ఇప్పుడు ఒక్క ఫైల్ కూడా డిలీట్ కావట్లేదు, రీడ్-ఓన్లీ అట. ఇక పోయినట్టేనా?

చివరిబస్సు: టెన్షన్ పడకండి. లైనక్స్ డేటాను ముందు ర్యామ్‌లో పెట్టుకుని బార్ నింపేస్తుంది, అసలు రాయడం వెనకాల నడుస్తుంటుంది. టెర్మినల్‌లో (కమాండ్లు టైప్ చేసే విండో) 'సింక్' కొడితే అంతా రాశాకే ప్రాంప్ట్ (తర్వాతి కమాండ్ అడిగే లైను) తిరిగొస్తుంది. ప్రాక్ అనే సిస్టమ్ ఫోల్డర్‌లోని మెమ్‌ఇన్ఫో ఫైల్లో 'డర్టీ' (ఇంకా రాయాల్సింది), 'రైట్‌బ్యాక్' (ఇప్పుడు రాస్తున్నది) లైన్లు చూస్తే ఇంకా ఎంత మిగిలిందో తెలుస్తుంది.

గోలీసోడా: అంత నెమ్మది ఎందుకన్నా? చదివేటప్పుడు బాగానే ఉంటుందిగా!

చివరిబస్సు: పెన్‌డ్రైవ్ లోపలుండే మెమరీ చిప్‌ను నాండ్ ఫ్లాష్ అంటారు. అందులో రాయడం పేజీ లెక్కన, చెరపడం బ్లాక్ లెక్కన. ఒక్కో బ్లాక్‌లో బోలెడు పేజీలుంటాయి. రాసిన పేజీ మీదే మళ్లీ రాయడం కుదరదు. అందుకని లోపలి కంట్రోలర్ (డ్రైవ్‌ను నడిపే చిప్) కొత్త డేటాను ఖాళీ పేజీలో రాసి, ఏది ఎక్కడుందో పట్టికలో మార్చుకుంటుంది. ఖాళీలు అయిపోతే పనికొచ్చే పేజీలను వేరే చోటికి చేర్చి, పాత బ్లాక్ మొత్తం చెరపాలి. చవక డ్రైవ్‌లు నత్తనడక నడిచేది అప్పుడే.

రాళ్లవాగు: రీడ్-ఓన్లీ సంగతికొస్తే, ఫార్మాట్ జోలికి వెళ్లకముందు సిస్టమ్ సందేశాలు చూపించే డీఎంఈఎస్‌జీ కమాండ్ కొట్టి చూడండి. 'సరిగా అన్‌మౌంట్ కాలేదు, ఎఫ్‌ఎస్‌సీకే నడపండి' అని ఉంటే ఫైల్ సిస్టమ్ (డ్రైవ్‌లో ఫైళ్ల అమరిక) తేడా, బాగవుతుంది. 'రైట్ ప్రొటెక్ట్ ఈజ్ ఆన్' అని ఉండి, పక్కన లాక్ మీట కూడా లేకపోతే, చాలాసార్లు కంట్రోలరే చేతులెత్తేసినట్టు. ఏ ఫార్మాటూ పనిచేయదు, చదవగలిగినంత కాపీ చేసుకోండి.

వేపచెట్టు: మొదటిదే వచ్చిందండీ!

రాళ్లవాగు: అయితే డిస్క్‌ల జాబితా చూపే ఎల్‌ఎస్‌బీఎల్‌కే కమాండ్‌తో డ్రైవ్ పేరు సరిచూసుకోండి, ల్యాప్‌టాప్ డిస్క్ మీద నడిపారంటే ఇంకో గొడవ. అన్‌మౌంట్ చేసి (సిస్టమ్ నుంచి డ్రైవ్‌ను విడదీసి) ఎఫ్‌ఎస్‌సీకే డాట్ వీఫ్యాట్ నడపండి, ఫ్యాట్ రకం ఫైల్ సిస్టమ్‌ను సరిచేసే కమాండ్ అది.

వేపచెట్టు: 'డర్టీ బిట్' (సరిగా అన్‌మౌంట్ కాలేదన్న గుర్తు) ఉందని చెప్పి తీసేసింది. ఇప్పుడు డిలీట్ అవుతున్నాయి. తలంబ్రాల వీడియో ఒకటి సగంలో తెగింది, మళ్లీ వేస్తున్నా.

గోలీసోడా: నాది వేరే కథ. కొత్త 64 జీబీ డ్రైవ్, మొదట వేసిన పాటలు బాగున్నాయి, తర్వాతవి ఏవీ తెరుచుకోవట్లేదు.

రాళ్లవాగు: నకిలీ కావచ్చు. లోపల చిన్న చిప్ పెట్టి, కంట్రోలర్‌తో 64 అని చెప్పిస్తారు, లైనక్స్ నమ్మేస్తుంది. డ్రైవ్ అసలు సైజు పరీక్షించే ఎఫ్3 ప్యాకేజీ వేసుకోండి. ఎఫ్3రైట్ ఖాళీ జాగా నిండా రాస్తుంది, ఎఫ్3రీడ్ తిరిగి చదివి ఎంత పాడైందో చెబుతుంది. వాపసు గడువు దాటకముందే నడపండి.