సంఘంలో వేధింపుల ఫిర్యాదు వస్తే విచారించేది ఎవరు? (చర్చ)

రంగస్థలం_గుంటూరు:
మాది రిజిస్టరైన నాటక సంఘం. సభ్యులు 140 మంది, జీతం తీసుకునేది ఆఫీసు కుర్రాడు ఒక్కడే. రిహార్సల్స్ చూసుకునే సభ్యుడి మీద ఒక సభ్యురాలు రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చారు. బైలాలో దీని గురించి ముక్క లేదు. కార్యవర్గమే విచారించవచ్చా? విషయం బయటికి పొక్కకుండా ఏం చేయాలి? ఆరోపణ వచ్చినాయన్ని ఈలోగా పక్కన పెట్టవచ్చా?

గోదారిగట్టు:
జీతగాడు ఒక్కడే కాబట్టి పోష్ చట్టం (పనిచేసే చోట మహిళలపై లైంగిక వేధింపుల నివారణ చట్టం) మీకు వర్తించదు. పదిమంది ఉండాలి. కార్యవర్గం పిలిచి మాట్లాడితే చాలు.

ఓరుగల్లు_వకీలు:
దయచేసి ఇలాంటి సలహాలు ఇవ్వకండి. 2013 నాటి ఈ పోష్ చట్టం సెక్షన్ 2(ఎఫ్) ప్రకారం జీతం లేకపోయినా, స్వచ్ఛందంగా పనిచేసినా ఉద్యోగి కిందే లెక్క. పని ప్రదేశం నిర్వచనంలో సొసైటీ, ట్రస్టు ఉన్నాయి. చందా కట్టి నాటకం చూసి వెళ్లేవాళ్లను వదిలేయండి. లైట్లు, మేకప్, టికెట్లు, హాలు ఏర్పాట్లు చేసేవాళ్లను లెక్కపెట్టండి. పదిమంది ఉంటే అంతర్గత కమిటీ తప్పదు, వేయకపోతే 50,000 రూపాయల వరకు జరిమానా. పదికి తక్కువైతే, లేదా ఫిర్యాదు సంఘాన్ని నడిపే పెద్దల మీదే అయితే, జిల్లా లోకల్ కమిటీకి వెళ్లాలి.

సాహితి_వి:
కమిటీకి అధ్యక్షురాలు సీనియర్ మహిళ అయి ఉండాలి. సంఘం నుంచి కనీసం ఇద్దరు, బయటి స్వచ్ఛంద సంస్థ నుంచి ఒకరు. మొత్తంలో సగానికి తగ్గకుండా మహిళలు. చాలా సంఘాలు తప్పటడుగు వేసేది ఆ బయటి సభ్యురాలి దగ్గరే. కార్యదర్శి గారి వదిననో, కోశాధికారి స్నేహితురాలినో తెచ్చి కూర్చోబెడతారు. అక్కడే విచారణ మీద నమ్మకం పోతుంది. ఆమెకు రోజుకు 200 రూపాయల భత్యం, ప్రయాణ ఖర్చు నియమాల్లోనే ఉన్నాయి, ఇవ్వండి.

కోశాధికారి63:
ముందు ఫిర్యాదు ఎన్ని కాపీలు ఇచ్చారో చూడండి. పోష్ నియమాల్లో రూల్ 7 ప్రకారం ఆరు కాపీలు, సాక్షుల పేర్లు, చిరునామాలు జత చేయాలి. లేకపోతే తిప్పి పంపాలి.

సాహితి_వి:
తిప్పి పంపడమేమిటండీ! ధైర్యం కూడగట్టుకుని వచ్చిన మనిషిని జిరాక్స్ షాపుకి పంపిస్తారా? రాయలేని స్థితిలో ఉంటే రాయడానికి కమిటీ అధ్యక్షురాలో, సభ్యుల్లో ఒకరో సాయం చేయాలని సెక్షన్ 9 చెబుతోంది. ఒక్క కాగితం ఇచ్చినా తీసుకుని, తేదీ వేసి, రసీదు ఇవ్వండి. మిగతా ఐదూ మీరే తీయించండి.

కోశాధికారి63:
రూలు రూలే మేడమ్. రేపు అవతలివాళ్లు కోర్టుకెళ్తే కాపీల లెక్కే అడుగుతారు. ముప్పై ఏళ్లుగా సంఘాల రికార్డులు రాస్తున్నాను, నాకు తెలుసు.

ఓరుగల్లు_వకీలు:
కోర్టు అడిగేది ఆరోపణ కాపీ అవతలివాళ్లకు అందిందా, జవాబుకు గడువిచ్చారా అని. ఏడు పనిదినాల్లో కాపీ పంపాలి, ఆయన పది పనిదినాల్లో జవాబివ్వాలి. కమిటీ విచారణకు కూర్చున్న ప్రతిసారీ అధ్యక్షురాలితో కలిపి కనీసం ముగ్గురుండాలి. విచారణ 90 రోజుల్లో ముగియాలి, నివేదిక ఆపై పది రోజుల్లో ఇవ్వాలి. కేసులు పోయేది ఇక్కడ, జిరాక్సుల దగ్గర కాదు. కాపీల పేరుతో కాలం జరిపి, ఘటన జరిగిన మూడు నెలల గడువు దాటించేవాళ్లే ఎక్కువ. కారణం రాసి ఇంకో మూడు నెలలు పొడిగించే అధికారం కమిటీకి ఉంది.

కోశాధికారి63:
నేను కాలం జరపమన్నానా? నా మాట వంకరగా తిప్పకండి.

పల్నాడు_పిల్ల:
కాపీల గోల ఆపుతారా? వాట్సాప్ సందేశాలు చెరిపేయకముందే భద్రం చేయించండి. ఒక్క స్క్రీన్‌షాట్ చాలదు. నంబరు, తేదీ, పైనా కిందా ఉన్న మాటలు కనిపించేలా మొత్తం చాట్ ఎక్స్‌పోర్ట్ చేసి, అసలు ఫోను అలాగే ఉంచమనండి.

గోదారిగట్టు:
ఇద్దరినీ కూర్చోబెట్టి రాజీ చేస్తే పోదా?

సాహితి_వి:
రాజీ ఆమె అడిగితేనే, అదీ విచారణ మొదలవకముందే. డబ్బు ఆధారంగా అసలు కుదరదు. మీ అంతట మీరు "సర్దుకుపోమ్మా" అంటే అది ఒత్తిడే. ఈలోగా ఆమె రాతపూర్వకంగా అడిగితే, వేరే చోట పని అప్పగించమని కమిటీ సిఫారసు చేయవచ్చు. రిహార్సల్స్ బాధ్యత ఆయన నుంచి తప్పించండి, ఆమెను నాటకం నుంచి తప్పించకండి.

రంగస్థలం_గుంటూరు:
జనరల్ బాడీలో పెట్టాలా? సభ్యులు అడుగుతున్నారు.

ఓరుగల్లు_వకీలు:
వద్దే వద్దు. సెక్షన్ 16 ప్రకారం పేర్లు, ఫిర్యాదులోని విషయాలు బయటపెట్టకూడదు. బయటపెట్టినవాళ్లకు 5,000 రూపాయల జరిమానా. మినిట్స్ బుక్కులో "ఒక ఫిర్యాదు అందింది, కమిటీకి పంపాం" అన్నంతవరకే రాయండి. ఫైలు బీరువా తాళం కమిటీ అధ్యక్షురాలి దగ్గరే ఉండాలి.

కోశాధికారి63:
ఆ బీరువాలోనే సంఘం బ్యాంకు పాస్‌బుక్కు ఉంటుంది కదా, కోశాధికారికి తాళం లేకపోతే ఎలా?

పల్నాడు_పిల్ల:
ఫైలుకి వేరే బీరువా పెట్టండి సార్. ఇంకోమాట, అడిగినాయనకే. మీ నాటకాల్లో 18 ఏళ్లలోపు పిల్లలున్నారా? వాళ్ల విషయమైతే ఈ కమిటీ, 90 రోజులు ఏవీ కాదు. పోక్సో (పిల్లలపై లైంగిక నేరాల చట్టం) సెక్షన్ 19 కింద వెంటనే పోలీసులకు చెప్పాలి, తెలిసీ చెప్పకపోవడమే నేరం.

రంగస్థలం_గుంటూరు:
పిల్లలు లేరండీ, ఫిర్యాదు చేసినామె పెద్దామే. పనిచేసేవాళ్లను లెక్కపెట్టాను, 23 మంది వచ్చారు. బయటి సభ్యురాలి కోసం రేపు మహిళా సంస్థలకు ఉత్తరాలు రాస్తున్నాం.