మాటల్లేని ప్రార్థన మనం చేయొచ్చా?

మాది చిత్తూరు, సీఎస్ఐ (ప్రొటెస్టెంట్) సంఘం. పాటలు, ప్రసంగం, గట్టిగా ప్రార్థన, ఇంతే తెలుసు. స్పెయిన్‌కు చెందిన కేథలిక్ సన్యాసిని ఆవిలా తెరేసా 1577లో రాసిన పుస్తకం గురించి చదివాను. ఆత్మ ఏడు నివాసాలున్న కోట అట, నట్టనడుమ దేవుడు. అప్పటి నుంచి మాటల్లేకుండా ప్రార్థించాలని మనసు అక్కడే ఉంది. అమ్మేమో "అది కేథలిక్కులది, మనకెందుకు" అంటోంది.

తిరుపతి నుంచి: మేం కేథలిక్కులమే అక్కా. లెక్షియో దివీనాతో, అంటే వాక్యాన్ని ప్రార్థనగా చదివే పద్ధతితో మొదలుపెట్టండి. 23వ కీర్తన నిదానంగా చదవండి, ఆగిన మాట దగ్గరే ధ్యానించండి, ప్రార్థించండి, తర్వాత ఊరకే ఉండండి. వాక్యమే కాబట్టి అమ్మగారూ కాదనరు.

మరొకరు: ఆర్థడాక్స్ క్రైస్తవులు "ప్రభువైన యేసు క్రీస్తూ, దేవుని కుమారుడా, పాపినైన నన్ను కరుణించు" అని పదే పదే అంటారు. టెన్షన్‌లో నన్ను నిలబెట్టింది అదే.

మదనపల్లె నుంచి: అంత దూరమెందుకమ్మా? దేవదాసు అయ్యగారు మొదలుపెట్టిన బైబిలు మిషను సంఘంలో సన్నిధిలో కనిపెట్టడం, అంటే దేవుని కోసం మౌనంగా ఎదురుచూడడం, ఎప్పటినుంచో ఉంది. ఒకసారి వెళ్లి కూర్చోండి.