నాయనకు ప్రోస్టేట్ స్కాన్ తీస్తే ఊపిరితిత్తిలో గడ్డ కనపడింది, స్టేజ్ 4 అంటున్నారు

తుంగభద్ర గట్టు:
మాది కర్నూలు. నాయనకు 71 ఏండ్లు. రాత్రిపూట నాలుగైదు సార్లు ఒంటికి లేస్తా ఉంటే పీఎస్ఏ అని ప్రోస్టేట్‌కు చేసే రక్తపరీక్ష చేయించినాము, 18 వచ్చింది, ఎక్కువే, బయాప్సీలో ప్రోస్టేట్ క్యాన్సర్ అని తేలింది. యాడికైనా పాకిందేమో చూడాలని హైదరాబాద్ పోయి పీఎస్ఎంఏ పెట్ సీటీ అని, ప్రోస్టేట్ క్యాన్సర్ ఉన్న చోట్లు వెలిగేటట్టు మందు ఎక్కించి తీసే స్కాన్ తీయించినాము. ఎముకల్లో ఏం లేదు, లింఫ్ గ్రంథుల్లో లేదు, కానీ కుడి ఊపిరితిత్తి పైన 2 సెంటీమీటర్ల గడ్డ, కొంచెం అప్‌టేక్ ఉందని, అంటే ఆ మందు కొంచెం పట్టి వెలిగిందని రాసినారు. ఇక్కడ ఒక డాక్టరు రిపోర్టు తిరగేసి పాకిపోయింది, స్టేజ్ 4 అన్నాడు, రెండు నిమిషాలు కూడా పట్టలే. ఆ రోజు నుంచి నాయన జొన్నరొట్టె తుంచి పళ్ళెంలో పెట్టుకుని అట్లే కూర్చుంటా ఉండాడు. బీడీ మానేసి పదేండ్లయింది. ఇది వేరే క్యాన్సర్ కూడా అయ్యుండొచ్చా?

అనంతపురం అక్క:
అయ్యుండొచ్చు తమ్ముడూ. మా మామకు ఇట్లే స్కాన్లో కిడ్నీ గడ్డ బయటపడింది, 3 సెంటీమీటర్లు, ఏ నొప్పీ లేదు. ఆ పెట్‌లో కిడ్నీలు మామూలుగానే బాగా వెలుగుతాయంట, అందుకని సీటీ బొమ్మలో కనిపెట్టినారు. ఆ గడ్డ వరకే తీసేసినారు, ప్రోస్టేట్‌కు వైద్యం వేరే. నాలుగేండ్లయింది, పొద్దున్నే బర్రె పాలు ఆయనే పిండుతాడు.

కడప ల్యాబ్:
పెథాలజీ ల్యాబ్‌లో పని చేస్తా. పీఎస్ఎంఏ అంటే ఆ మందు అంటుకునే ప్రోటీన్, దాని పేరులో ప్రోస్టేట్ ఉన్నంత మాత్రాన ప్రోస్టేట్‌లోనే ఉండదు అన్నా, ఊపిరితిత్తి, కిడ్నీ, థైరాయిడ్ గడ్డల్లో కొత్తగా పుట్టే రక్తనాళాల్లో కూడా ఉంటుంది, టీబీ గడ్డ కూడా కొన్నిసార్లు అట్లే కనపడుతుంది. ప్రోస్టేట్‌ది పాకితే ఎక్కువగా ముందు గ్రంథులకు, ఎముకలకు పోతుంది, అక్కడ ఏమీ లేకుండా ఊపిరితిత్తిలో ఒక్కటే ఉందంటే ముక్క తీయకుండా స్టేజ్ చెప్పకూడదు. సీటీ చూస్తా సూదితో ముక్క తీసి ఐహెచ్‌సీ చేయమనండి, అంటే ముక్కకు రంగులేసి అది ఏ అవయవం కణమో చెప్పే ప్రోటీన్లు చూసే పరీక్ష, అందులో ఎన్‌కేఎక్స్ 3.1, పీఎస్ఏ అనే ప్రోటీన్లు పాజిటివ్ అయితే ప్రోస్టేట్ వైపు, టీటీఎఫ్ 1 పాజిటివ్ అయితే ఊపిరితిత్తి వైపు. పాత బయాప్సీ బ్లాకులు, అంటే మైనంలో దాచిన ప్రోస్టేట్ ముక్కలు కూడా తీసుకుపోండి, పక్కన పెట్టి పోల్చుకుంటారు. రక్తం పలచబడే మాత్రలు వేసుకుంటా ఉంటే సూదికి ముందే చెప్పాల, మీ అంతట మీరు ఆపొద్దు.

తుంగభద్ర గట్టు:
మంగళవారం సూదికి రమ్మన్నారు. గుండెకు ఎకోస్ప్రిన్ అని రక్తం పలచబడే మాత్ర వేసుకుంటాడు, ఇప్పుడే ఫోన్ చేసి చెప్పినా. మీరు రాసింది నాయనకు చదివి వినిపించినా అన్నా, ఇంకోసారి చదువు అన్నాడు.